కుక్కపిల్ల చెవులు కోపియ్యాల్నా వద్దా? మనోళ్లు ఎక్కువ అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, అటు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ దాక డాబర్‌మన్ పిల్లనో బాక్సర్ పిల్లనో కొత్తగ తెచ్చుకున్నోళ్లు తిండి కంటే, టీకాల కంటే ముందు చెవుల గురించే అడుగుతున్నరు. అందరికి ఫోన్ల విడివిడిగ చెప్పుడు అయితలేదు, అందుకే అన్ని ఒక్క కాడ రాస్తున్న. నేను డాక్టర్ను కాదు, నల్లగొండ దగ్గర మాకు బత్తాయి తోట ఉంది, చిన్నప్పటి నుంచి కుక్కల నడుమనే పెరిగిన, ఇప్పుడు తోట కాడ ఒక డాబర్‌మన్, రెండు ఊరకుక్కలు ఉన్నయి. తెలిసినంత వరకు ఉన్నదున్నట్టు చెప్త.

ఒక్క మాటల చెప్పు అన్నా, కోపియ్యాల్నా వద్దా?

వద్దు. కుక్కకు దాంతోని ఒక్క లాభం కూడ లేదు, నొప్పి, రిస్కు, ఖర్చు మాత్రం ఉన్నయి. మీ ఇంట్ల ఇప్పటికే కోసిన కుక్క ఉంటే కింద దాని గురించి వేరే రాసిన, అది చదవండి, ఆ కుక్కను చూసుకునుడు ముఖ్యం.

అసలు క్రాపింగ్ అంటే ఏం చేస్తరు? జర కొస కట్ చేస్తరు, అంతే కదా?

అంతే కాదు. మనకు బయటికి కనపడే చెవి డొప్ప ఉంటది కదా, దాని లోపల మెత్తని బొక్క ఉంటది, కార్టిలేజ్ అంటరు, దానికి రెండు దిక్కుల చర్మం, నడుమల నరాలు, రక్తనాళాలు. క్రాపింగ్‌ల ఈ డొప్పలకెల్లి పెద్ద ముక్కనే, ఒక్కోసారి సగం దాక, చర్మం బొక్క అన్నిటిని కలిపి నిలువుగ కోసేస్తరు. పిల్లకు ఏడెనిమిది వారాల నుంచి పన్నెండు వారాల లోపట చేస్తరు, ఎందుకంటే అప్పుడు ఆ బొక్క ఇంకా మెత్తగ ఉండి మనం ఎట్ల నిలబెడితే అట్ల గట్టిపడుతదని. కోసిన అంచు పొడుగునా కుట్లు వేస్తరు. పూర్తి మత్తు ఇచ్చి చేయాల్సిన ఆపరేషన్ ఇది. అంత చిన్న పిల్లకు మత్తు ఇస్తే ఒంట్లె వేడి తొందరగ పడిపోతది, షుగర్ కూడ పడిపోతది, ఆపరేషన్ జరుగుతున్నంతసేపు, లేచినంక కూడ వెచ్చగ పెట్టి గుండెను ఊపిరిని చూసుకుంట ఉండే మనిషి కావాలె. అన్ని సౌలతులు ఉన్న కాడ కూడ మత్తుల పిల్ల పోయే రిస్కు పూర్తిగ పోదు, ఇగ అవి లేని కాడ సంగతి మీరే ఆలోచించండి.

కోసినంక ఎన్ని రోజులకు మాములుగ అయితది?

ఇదే ఎవరు చెప్పరు. బ్రీడర్ చెప్పడు, ఇంటర్నెట్ల నిలబడ్డ చెవుల ఫొటో పెట్టేటోడు చెప్పడు. కుట్లు పది నుంచి పద్నాలుగు రోజులల్ల తీస్తరు గని అసలు కథ అప్పుడే షురువయితది. కోసిన చెవి తనంతట తను నిలబడదు, లోపల ఒక దూది చుట్టిన పుల్లలాంటిది పెట్టి, చుట్టూ ప్లాస్టర్ చుట్టి, రెండు చెవులకు నడుమ ఒక బ్రిడ్జి లెక్క కట్టి నిలబెట్టాలె. వారానికి ఒకసారన్నా విప్పి, తుడిచి, ఆరబెట్టి మళ్ల కట్టాలె. తడిసినా జారినా ఎంటనే మార్చాలె. ఇట్ల కొన్ని వారాల నుంచి కొన్ని నెలలు, డాబర్‌మన్‌కు పొడుగు కోత కోపిస్తే పళ్లు మారే వయసు దాటిందాక నడుస్తది.

మా దోస్తు ఒకాయన మిర్యాలగూడల డాబర్‌మన్ ఆడపిల్లకు కోపిచ్చిండు. ప్లాస్టర్ మార్చేటప్పుడు నేను పట్టుకున్న. టేబుల్ మీద టేపు రోల్ పెట్టి పీకిన చప్పుడు వినంగనే ఆ పిల్ల ఉన్న కాడనే మూత్రం పోసింది, ఎవరు ఇంక ముట్టనే లేదు దాన్ని. పాత ప్లాస్టర్ తీసినప్పుడు దాంతోని వెంట్రుకలు ఊడొచ్చినయి, చెవి అంచు పొడుగునా ఎర్రగ, నడుమల ఒక కాడ తడిగ, పచ్చగ చీము, పుల్లటి వాసన. వాళ్లు మంచిగ చూసుకునేటోళ్లే, డాక్టర్ కాడికి పోయి వస్తనే ఉన్నరు, అయినా అట్ల అయింది, ఎందుకంటే అది వానాకాలం, ప్లాస్టర్ లోపల చెమ్మ ఆరుతలేదు. ఆ కుక్క పెద్దగయింది, మంచిగనే ఉంది, గని ఇప్పటికి తల మీద చెయ్యి పెట్టబోతే మెడ కిందికి వంచి పక్కకు జరుగుతది.

చిన్న పిల్లలకు నొప్పి తెలవదంటరు కదా?

తెలుస్తది. నొప్పి తెలిపే నరాలు పుట్టిన కాడి నుంచే పని చేస్తయి. పిల్ల కుయ్ మనకుండ మూలకు పండుకుంటే నొప్పి లేదని కాదు అర్థం, కుక్కలు నొప్పిని బయటికి తక్కువ చూపిస్తయి. ఇంకొక సంగతి, మూడు వారాల నుంచి పద్నాలుగు వారాల దాక పిల్ల లోకాన్ని నేర్చుకునే టైము, మనుషులంటే ఏంది, చేతులంటే ఏంది, వేరే కుక్కలంటే ఏంది అనేది అప్పుడే మనసుల పడుతది, సరిగ్గ అదే టైముల మనం తల పట్టుకొని నొప్పి పెడుతున్నం, చెవి గీరకుండ మెడ చుట్టూ గరాటా లెక్క ఉండే కోన్ వేసి కూసోపెడుతున్నం, వేరే కుక్కలతోని ఆడనిస్తలేము. పెద్దగయినంక "ఇది పిల్లలను దగ్గరకు రానిస్తలేదు, ఏమైంది" అని అడిగితే ఏం చెప్పాలె.

టీకాలు అయినంక చేపిస్తే రిస్కు లేదు కదా?

లెక్క చూడండి. పార్వో, డిస్టెంపర్ అని కుక్కపిల్లల ప్రాణం తీసే అంటురోగాలు ఉన్నయి, వాటి టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలుపెట్టి మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున పదహారు వారాల దాక ఇస్తరు. క్రాపింగ్ చేసేది పన్నెండు వారాల లోపట. అంటే టీకాల కోర్సు పూర్తి కాకముందే పిల్లను నాలుగైదు మార్ల క్లినిక్‌కు తిప్పాల్సి వస్తది, అక్కడికి రోగమున్న కుక్కలు కూడ వస్తయి. మన దిక్కు పార్వో ఎట్లుంటదో చూసినోళ్లకు తెలుసు, రక్తం విరేచనాలు, వాంతులు, రెండు మూడు రోజులల్లనే పిల్ల పోతది.

చెవులు కోస్తే గాలి ఆడుతది, చెవిల ఇన్ఫెక్షన్ రాదంట, నిజమేనా?

చానా మంది చదువుకున్నోళ్లు కూడ ఇదే చెప్తరు. కుక్క చెవి దారి మనలెక్క సీదా ఉండదు, ముందు కిందికి పోయి తర్వాత లోపలికి మలుగుతది. చెమ్మ, మైనం చేరేది ఆ మలుపు కాడ. డొప్ప కోసినంత మాత్రాన ఆ మలుపు మారదు. ఇన్ఫెక్షన్ రావడానికి ఎక్కువ శాతం కారణం అలర్జీలు, తర్వాత చెమ్మ, చెవి పురుగులు, లోపల పోయిన గడ్డి ముల్లు, కొన్ని జాతులల్ల చెవి దారే ఇరుకుగ ఉండుడు. కాకర్ స్పానియల్‌కు చెవి రోగాలు బాగ ఎక్కువ, దానికి ఎవరు చెవులు కోయరు. డాబర్‌మన్, గ్రేట్ డేన్‌ల చెవి పల్చటి డొప్ప, వాటికి ఆ సమస్య అంత ఉండదు, అసలు కోసేది వాటికే. రోగమే కారణమైతే ఇది ఉల్టా ఉండాలె కదా.

అమెరికా వెటర్నరీ డాక్టర్ల సంఘం, ఏవీఎంఏ, 2008ల సౌందర్యం కోసం చెవులు తోకలు కోసుడును వ్యతిరేకిస్తున్నమని చెప్పి, ఇవి జాతి స్టాండర్డుల కెల్లి, అంటే ఏ జాతి కుక్క ఎట్లుండాలె అని రాసుకున్న రాతల కెల్లి, తీసేయాలని కూడ అన్నది. ఆ దేశంల క్రాపింగ్ ఇంకా నడుస్తనే ఉంది, అయినా డాక్టర్ల సంఘమే వద్దంటున్నది.

నిలబడ్డ చెవి ఎక్కువ వింటదంట?

వేలాడే చెవుల కుక్కకు వినుడు తక్కువ ఉంటే మా తోట కాడ అవి రాత్రిపూట అర కిలోమీటరు అవతల బండి ఆగితే లేవకపోవు. చెవి వినేది లోపల. డొప్ప చప్పుడు ఏ దిక్కు కెల్లి వస్తుందో పట్టుకునేతందుకు తిరుగుతది, దాన్ని తిప్పే కండరాలు పదికి మీదనే ఉంటయి. మనం డొప్పను కోసి తక్కువ చేస్తే వినికిడి పెరిగేది ఎట్ల.

చెవులు కోస్తే పౌరుషం వస్తది, కాపలా మంచిగ చేస్తది అంటరు, తోట కాడికి కావాలె మాకు.

ఈ ప్రశ్న మీద నాకు చెప్పాల్సింది చానా ఉంది, ఎందుకంటే మాది కూడ తోటనే, మా భయాలు కూడ మీ భయాలే. బోర్ల కాడ స్టార్టర్లు పోతయి, కేబుల్ కోసుకపోతరు, ట్రాన్స్‌ఫార్మర్ల కెల్లి రాగి తీగ ఎత్తుకపోతరు. పల్లి చేనుల అడవి పందులు పడితే తెల్లారేసరికి ఏం మిగలదు. మహబూబ్‌నగర్ దిక్కు గుట్టల పొంటి చిరుత వచ్చిందని దూడలను లోపల కట్టేసుకుంటున్నరు. అందుకే గట్టి కుక్క కావాలె అనుడుల తప్పు లేదు.

గని కుక్క కాపలా దేంతోని చేస్తదో చూడండి. ముక్కుతోని, చెవులతోని, ఇది నా జాగ, వీళ్లు నా మనుషులు అనే ఎరుకతోని. ఆ ఎరుక ఎట్లొస్తదంటే మీరు రోజూ దానితోని తోట చుట్టూ తిరిగితే వస్తది, టైముకు తిండి పెడితే, పేరు పెట్టి పిలిస్తే, వచ్చిపోయే కూలోళ్లను చూపించి వీళ్లు మనోళ్లే అని అలవాటు చేస్తే వస్తది. పగలంత గొలుసుకు కట్టేసి, రాత్రి ఇప్పి, చెవులు నిలబడ్డయి కదా ఇగ దొంగలను పట్టుకుంటది అంటే అది భయంతోని మొరుగుతది, భయంతోని కరుస్తది, రేపు మీ మేనల్లుడినే కరుస్తది. భయంతోని కరిచే కుక్క, కాపలా కుక్క ఒక్కటి కావు, నేను రెండిటిని చూసిన.

పోలీసోళ్లను చూడండి. మొయినాబాద్ ట్రైనింగ్ సెంటర్ల మన తెలంగాణ పోలీసు కుక్కలకు ట్రైనింగ్ ఇస్తరు, బాంబులు పట్టే పనికి చెవులు వేలాడే ల్యాబ్రడార్లను పెట్టుకుంటరు. చెవులు పడిపోయినయని వాటి పని ఆగలేదు. గొర్లోళ్ల కుక్కలను చూడండి, మందతోని పాలమూరు నుంచి నల్లమల అంచుల దాక నడుస్తయి, తోడేలు వస్తే ఎదురు నిలబడుతయి, వాటిల చెవులు నిలబడ్డయి ఎన్ని, పడ్డయి ఎన్ని అని ఏ గొర్లాయన లెక్క పెట్టడు, గుణం చూసి పెట్టుకుంటడు.

చెవులకు పెట్టే పైసలు తోట చుట్టూ ఒక లైటుకు, కుక్కకు నీడ పడే షెడ్డుకు, రేబీస్ టీకాకు పెడితే మీకు కాపలా ఎక్కువ దొరుకుతది.

పంది గాని వేరే కుక్క గాని చెవి పట్టి చీరితే? కోసి ఉంటే పట్టు దొరకదు కదా?

ఎన్కటి కాలంల యూరప్‌ల ఈ కారణంతోనే మొదలైందంటరు, కుక్కలను జంతువులతోని కొట్లాటకు దింపేటోళ్లు, వేటకు తీసుకపోయేటోళ్లు పట్టు దొరకొద్దని కోసేటోళ్లు. మన దేశంల కుక్కల కొట్లాట పెట్టుడే నేరం. అడవి పంది మీదికి కుక్కను ఉసిగొల్పితే పంది కోర ఎక్కువ పొట్టకు తొడకు తగులుతది, అక్కడ చెవి కోసి ఉన్నా లేకున్నా ఒక్కటే. పందులకు సోలార్ ఫెన్సింగ్ పెట్టుకోండి, కుక్కను పంపకుండ్రి.

మా తాతల కాలం నుంచి పిల్ల పుట్టంగనే కత్తెరతోనో బ్లేడుతోనో చెవులు తోకలు కోస్తున్నరు, ఏం కాలేదు కదా?

ఏం కాలేదు అంటే బతికిన కుక్కలే మనకు కనపడుతున్నయి, పోయిన పిల్లలు గుర్తుండవు. ఊర్లల్ల పిల్లలు పోతే "బాలారిష్టం" అని ఊకుంటరు, కోసిన పుండుతోని పోయిందా ఇంకోదానితోని పోయిందా ఎవరు చూడరు. మత్తు లేకుండ, కడగని బ్లేడుతోని, రక్తం ఆపేతందుకు బూడిద, పసుపు, సున్నం అద్దుడు, ఆ పుండు మీద ఈగలు వాలుడు, రెండు రోజులల్ల పురుగులు పడుడు. ఎండాకాలం, వానలు మొదలైనంక ఇంకా ఎక్కువ. మీ తాత చెడ్డోడని అంటలేను, ఆ రోజులల్ల పశువుల దవాఖాన ఎంత దూరం, తెలిసింది ఎంత. ఇప్పుడు మండలంల పశువుల డాక్టర్ ఉన్నడు, 1962కు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తది. తెలవక చేసిన కాలం వేరు, తెలిసి చేసుడు వేరు.

డాబర్‌మన్ అంటేనే నిలబడ్డ చెవులు కదా, లేకుంటే ఒరిజినల్ అనరు.

పుట్టినప్పుడు ప్రతి డాబర్‌మన్‌కు చెవులు కిందికే వేలాడుతయి. ఆ జాతి పుట్టింది జర్మనీల, 19వ శతాబ్దం చివర్ల, అపోల్డా అనే ఊర్ల పన్నులు వసూలు చేసే లూయీ డాబర్‌మన్ అనే ఆయన తనకు తోడుగ ఉండేతందుకు పెంచిండు. అదే జర్మనీల చెవులు కోసుడు 1987 నుంచి నిషేధం. ఎఫ్‌సీఐ అని కుక్కల జాతులకు స్టాండర్డు రాసే అంతర్జాతీయ సంస్థ ఉంది, వాళ్ల డాబర్‌మన్ స్టాండర్డుల 2015 నుంచి చెవులు సహజంగ వదిలినయే ఉండాలని రాసి ఉంది. అదే 1987ల స్ట్రాస్‌బర్గ్‌ల యూరప్ దేశాలు పెంపుడు జంతువుల కోసం ఒక ఒప్పందం చేసుకున్నయి, అందుల చెవులు కోసుడు, తోక కోసుడు, మొరగకుండ గొంతు తీగలు తీసుడు, గోళ్లు పళ్లు పీకుడు అన్ని వద్దన్నరు. ఇంగ్లండ్‌ల కోసుడు నేరం, ఆస్ట్రేలియాల, న్యూజిలాండ్‌ల కూడ నేరం. పుట్టిన దేశంలనే వద్దన్నంక మనం నల్లగొండల కూసొని ఒరిజినల్ గాదు అనుడు ఏంది.

అందం సంగతి అంటరా, వేలాడే చెవుల డాబర్‌మన్ మొఖం చూస్తే మెత్తగ కనపడుతది, ఆ మెత్తదనం కొందరికి నచ్చదు, నాకైతే అదే నచ్చుతది. పైగా చెవులతోని కుక్క మాట్లాడుతది, భయమైతే వెనక్కి పెడుతది, సంతోషమైతే పక్కకు వదులుతది, ఏదన్న అనుమానం వస్తే ముందుకు తెస్తది. కోసి నిలబెట్టినంక ఎప్పుడు ఒక్క తీరుగనే ఉంటది, మనకు అర్థం కాదు, వేరే కుక్కలకు కూడ సగమే అర్థమయితది.

చట్టం ఏమంటది? కేసు అయితదా?

1960ల వచ్చిన జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం ఉంది. దాంట్లె 11వ సెక్షన్ల జంతువు అంగాలను కోసి వికలం చేసుడు నేరమని ఉంది. అదే సెక్షన్ల కొన్నిటికి మినహాయింపు ఇచ్చిండ్రు, పశువుల కొమ్ములు తీసుడు, విత్తులు కొట్టుడు, వాతలు వేసుడు, ముక్కుతాడు వేసుడు, అవి కూడ పద్ధతి ప్రకారం చేయాలె. కుక్క చెవులు కోసుడు ఆ మినహాయింపుల లేదు. ఈ చట్టంల శిక్ష మాత్రం చానా చిన్నది, మొదటిసారి పది నుంచి యాభై రూపాయల జుర్మానా, మూడేండ్ల లోపట మళ్ల చేస్తే ఇరవై ఐదు నుంచి వంద రూపాయలు లేకుంటే మూడు నెలల దాక జైలు, లేకుంటే రెండు. 1960 నాటి రూపాయలు అవి, ఇప్పటికి అట్లనే ఉన్నయి. యాభై రూపాయలే కదా కట్టేద్దాం అనేటోళ్లు ఉన్నరు, అట్ల అనకండి, ఆ చట్టం రాసింది మన జేబు కోసం కాదు, మాట్లాడలేని జీవం కోసం.

మరి మున్సిపాలిటోళ్లు వీధి కుక్కల చెవులు కోస్తున్నరు కదా, అది తప్పు కాదా?

మంచి ప్రశ్న, చానా మంది ఈ రెండు కలుపుతున్నరు. వీధి కుక్కలకు పిల్లలు కాకుండ ఆపరేషన్ చేసినప్పుడు, అదే మత్తుల ఉండంగనే, చెవి కొసకు చిన్న గాటు పెడతరు. వీధి కుక్కలకు పిల్లలు కాకుండ చేసేతందుకు పెట్టిన ఏబీసీ రూల్స్ 2023 ప్రకారం అది గుర్తు, దీనికి ఆపరేషన్ అయింది, రేబీస్ టీకా అయింది అని. గుర్తు లేకుంటే అదే కుక్కను మళ్ల పట్టి, మళ్ల మత్తిచ్చి, పొట్ట కోసి చూడాల్సి వస్తది. అది కుక్కను ఇంకో కోత నుంచి కాపాడే చిన్న గాటు, దానికి నెలల తరబడి కట్లు ఉండవు. క్రాపింగ్‌ల కుక్కకు దక్కేది ఏమి లేదు.

బ్రీడర్ నేనే కోసి రెడీగ ఇస్త, నీకు తలనొప్పి ఉండదు అంటున్నడు.

అసలు పిల్లను ఎనిమిది వారాల లోపట అమ్మొద్దని 2017ల వచ్చిన కుక్కల బ్రీడింగ్ రూల్స్‌ల ఉంది, బ్రీడర్ స్టేట్ యానిమల్ వెల్ఫేర్ బోర్డుల రిజిస్టర్ అయి ఉండాలె. మీరు అడగాల్సింది రిజిస్ట్రేషన్ ఉందా, తల్లిని చూపిస్తవా, టీకాల కార్డు ఏది అని. అడ్వాన్సు ఇయ్యకముందే చెవులు తోక ముట్టొద్దని చెప్పండి, వాట్సాప్‌ల మెసేజ్ కూడ పెట్టండి, తర్వాత మాట మార్చకుండ ఉంటది. "కోయకుంటే రేటు పడిపోతది" అంటే వేరే కాడ చూసుకోండి, అసొంటి మనిషి టీకాల విషయంల కూడ అట్లనే ఉంటడు.

ఒకాయన ఇంటికొచ్చి చేస్త, క్లినిక్ కంటే తక్కువల అయితది అంటున్నడు.

అస్సలు వద్దు. ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం 1984 ప్రకారం ఇసొంటి సర్జరీ రిజిస్టర్ అయిన పశువుల డాక్టర్ పని. పశువులకు సూదులేసే వాళ్లు, గోపాలమిత్రలు వాళ్ల పనిల మంచోళ్లే, గని ఇది వాళ్ల పని కాదు. ఇంటి వరండాల, మత్తు సరిగ్గ లేకుండ, కాళ్లు ఇద్దరు పట్టుకొని కోసుడు, ఆ పిల్ల అరుపు ఒక్కసారి విన్నోళ్లు రెండోసారి ఆ మాట ఎత్తరు.

మేము ఇప్పటికే కోపిచ్చినం. ఇప్పుడు ఏం చూసుకోవాలె?

బాధపడుకుంట కూసుంటే కుక్కకు లాభం లేదు, ఇవి చూసుకోండి.

పుండు కొత్తదైతే రోజుకు రెండుసార్లు కళ్లతోని చూడండి, ముక్కుతోని వాసన చూడండి. వాసన వస్తే, చీము కనపడితే, పిల్ల తల ఒకే దిక్కుకు వంచితే, తిండి మానితే ఆ పూటనే డాక్టర్ కాడికి పోవాలె, తెల్లారి చూద్దాం అనొద్దు. మెడ కోన్ తీయొద్దు, పాపం అనిపించినా తీయొద్దు, వెనక కాలుతోని ఒక్కసారి గీరితే కుట్లు ఊడుతయి. మనం వేసుకునే నొప్పి గోళీలు మాత్రం వేయకుండ్రి, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపుల పుండ్లు చేసి కిడ్నీలు చెడగొడుతయి, పారాసిటమాల్ కూడ మనిషి లెక్కల వేస్తే విషమే. నొప్పికి డాక్టర్ బరువు చూసి రాసిన మందే వేయాలె, నొప్పికి మందు రాయకపోతే మీరే అడిగి రాయించుకోండి. వాన చినుకు, స్నానం నీళ్లు ప్లాస్టర్‌కు తగలనియ్యొద్దు.

పురుగులు పడ్డయనుకోండి, పెట్రోలు, ఫినాయిల్ పోయకుండ్రి, పచ్చి మాంసం కాలిపోతది. డాక్టర్ మత్తిచ్చి ఒక్కొక్కటి తీసి కడుగుతడు.

పుండు మాని కుక్క పెద్దదైనంక కూడ చెవి రంధ్రానికి మూత లేదు కాబట్టి వానకు, దుమ్ముకు, ఈగలకు ఎక్కువ దొరుకుతది. స్నానం అప్పుడు దూది ఉండ అడ్డం పెట్టి తర్వాత తీసేయండి. తల ముట్టనియ్యని కుక్క అయితే బలవంతంగ పట్టుకోకుండ, ముందు గదుమ కింద నిమిరి, ఒక ముక్క చికెన్ పెట్టి, కొన్ని రోజులకు మెడ దాక, ఇంకొన్ని రోజులకు చెవి మొదలు దాక పోవాలె. టైము పడుతది గని వస్తది.

ఒక చెవి నిలబడింది, ఒకటి పడిపోయింది. మళ్ల కోపియ్యాల్నా?

వద్దు. పుండు మానేటప్పుడు మచ్చ గుంజుకపోయి ఇట్ల అయితది, మళ్ల కోస్తే ఇంకా మచ్చ, ఇంకా గుంజుడు. కుక్కకు తన చెవులు ఎట్లున్నయో తెలవదు, మీరు అట్లనే ఉండనియ్యండి.

మా జర్మన్ షెపర్డ్ పిల్లకు నాలుగు నెలలు, చెవులు ఇంకా లేస్తలేవు. దీనికి కూడ కోయాల్నా?

అయ్యో, దానికి కోసేది ఏం లేదు. ఆ జాతికి చెవులు తమంతట తామే లేస్తయి, కొన్నిటికి మూడు నెలలకు, కొన్నిటికి ఆరు నెలలకు, పళ్లు మారేటప్పుడు ఒకసారి లేచి మళ్ల పడుతయి కూడ. మంచి తిండి పెట్టండి, చెవులను ఊకె పిసకొద్దు. మెడికల్ షాపుల కెల్లి కాల్షియం డబ్బా తెచ్చి దండిగ పోయకుండ్రి, పెద్ద జాతుల పిల్లలకు కాల్షియం ఎక్కువైతే బొక్కలు కీళ్లు పాడైతయి. ఆరు నెలలు దాటినా లేవకపోతే పడ్డ చెవులతోని కూడ అది జర్మన్ షెపర్డే.

తోక సంగతి?

అదే జవాబు. తోకకు తగిలిన దెబ్బ మానకనో, గడ్డ లేచో డాక్టర్ తీయాలంటే వేరు.

డాక్టరే చెవి కోయాలని చెప్తే?

రోగం ఉంటే కోయాల్సిందే. తెల్ల చెవులున్న కుక్కకు ఎండకు డొప్ప మీద క్యాన్సర్ పుండు రావొచ్చు, కొట్లాటల చెవి చీలికలై కుట్టరాకుండ అవ్వొచ్చు, తల ఊకె విదిలిచ్చుడుతోని డొప్పల రక్తం చేరి ఉబ్బొచ్చు. ఇసొంటివి ఉన్నప్పుడు భయపడి ఆపరేషన్ ఆపొద్దు. పెద్ద ఆపరేషన్ అనుకుంటే రాజేంద్రనగర్ల వెటర్నరీ కాలేజీ దవాఖాన ఉంది, అక్కడ చూపించుకొని రండి.

కోయని చెవులను ఎట్ల చూసుకోవాలె?

వారానికి ఒకసారి డొప్ప ఎత్తి చూడండి, లోపల లేత గులాబి రంగు ఉండి వాసన లేకుంటే ఏం చేయొద్దు, మంచిగున్న చెవిని ఊకె కడిగితే అదే చెడుతది. నల్లటి మడ్డి కాఫీ పొడి లెక్క కనపడితే చెవి పురుగులు, గోధుమ రంగు మైనం, పుల్లటి వాసన వస్తే ఫంగస్, రెండిటికి మందులు వేరువేరు, అందుకే సొంతంగ చుక్కలు వేయకుండ డాక్టర్‌కు చూపియ్యండి. సాగర్ కాలువల, చెరువుల ఈత కొట్టినంక డొప్ప ఎత్తి పొడి బట్టతోని తుడవండి. ఇయర్ బడ్ లోపలికి పెట్టొద్దు, ఆ మలుపు కాడికి మడ్డిని ఇంకా నూకుతది. కొబ్బరి నూనె, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయొద్దు. డొప్ప మడతలల్ల గోమార్లు, పిడుదులు దాక్కుంటయి, చేలల్ల తిరిగే కుక్కకైతే రోజూ వెతకాలె. ఎండాకాలం చెవి కొసలను ఈగలు కొరికి రక్తం తీస్తయి, అప్పుడు ఈగలు వాలకుండ పూసే మందు డాక్టర్ రాస్తడు.

నాకు అర్థమైంది గని ఇంట్ల తమ్ముడు వింటలేడు, దోస్తులు నవ్వుతరంటడు.

తమ్ముడిని తిట్టకుండ్రి, పిల్లను తెచ్చుకున్న సంబురంల ఉన్నడు. అతన్ని తీసుకపోయి డాక్టర్ ముందట కూసోపెట్టండి, ఆపరేషన్ ఎట్ల చేస్తరో, ప్లాస్టర్ ఎన్ని నెలలు కట్టాల్నో, రాత్రి పిల్ల ఏడిస్తే ఎవరు లేస్తరో ఆయన నోటితోని చెప్పియ్యండి. పన్నెండు వారాలు దాటిందాక ఎట్లనన్న ఆపండి, ఆ వయసు దాటితే ఆ మాట ఇగ ఎవరు పెద్దగ ఎత్తరు. ఆ లోపట పిల్లకు కూసో, రా, ఆగు అనేవి తమ్ముడితోనే నేర్పియ్యండి. దోస్తులు వచ్చినప్పుడు పిలవంగనే ఉరికొచ్చి కాళ్ల కాడ కూసునే కుక్కను చూపిస్తడు.